ఇంద్రియ సమన్వయ కృత్యాలు

ఇంద్రియ సమన్వయ కృత్యాలు అనగా చూపు, వినికిడి, స్పర్శ, కదలిక మొదలైన వాటి ద్వారా వచ్చే సంకేతాలను స్వీకరించి సర్దుకొనడంలో ఇబ్బంది పడే పిల్లల కొరకు రూపొందించిన ఆటలు, పనులు, వ్యాయామాలు. వీటిలో వాడే ఊయల, బరువు దుప్పటి, చెవి కప్పులు, నమిలే గొట్టాలు వంటి వస్తువులను ఇంద్రియ సాధనాలు అంటారు. ఆక్యుపేషనల్ థెరపీ అనే వైద్యానుబంధ శాస్త్రంలో భాగంగా అమెరికాలో 1960, 1970 దశకాలలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతి నేడు భారతదేశంలో కూడా విరివిగా వాడుకలో ఉంది. ఈ ఇబ్బందులు ఆటిజం ఉన్న పిల్లలలో ఎక్కువగా కనిపిస్తాయి. అవధాన లోపం, అతిచురుకుదనం (ఏడీహెచ్‌డీ) ఉన్నవారిలోను, నెలలు నిండక పుట్టినవారిలోను, మరే సమస్యా లేని కొందరిలోను కూడా ఇవి ఉండవచ్చును.

ఇటువంటి పిల్లలను మొండివారని, సోమరులని, గారాబం వలన చెడిపోయారని భావించి దండించడం మన ఇళ్ళలోను, బడులలోను చాలాకాలంగా జరుగుతున్నదే. ఇందుకు విరుద్ధంగా, పిల్లలు చేసే ప్రతి అల్లరికీ ఇంద్రియ సమస్యే మూలమని నమ్మించి ఖరీదైన వస్తువులను, నెలల తరబడి చికిత్సలను తల్లిదండ్రులకు అంటగట్టడం ఇటీవల కనిపిస్తున్నది. ఈ రెండింటి వలన నష్టపోయేది బిడ్డే. కనుక ఏ కృత్యం ఎవరికి, ఎందుకు, ఎంతవరకు ఉపయోగపడుతుందో తెలిసి ఉండడం అవసరం.

ఇంద్రియాలు ఐదేనా?

త్వక్కు, చక్షువు, శ్రోత్రం, జిహ్వ, ఘ్రాణం అని జ్ఞానేంద్రియాలు ఐదుగా చదువుకొంటాము. శరీర శాస్త్రం వీటికి మరి మూడు జ్ఞానాలను చేరుస్తుంది. ఈ వ్యాస విషయం చాలావరకు ఆ మూడింటి మీదనే ఆధారపడి ఉంది.

మొదటిది సమతాస్థితి జ్ఞానం. లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు, వాటిని ఆనుకొని రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఏ దిక్కుకు తిరిగినదీ కుల్యలు తెలుపుతాయి. తల ఎటు వాలినదీ, శరీరం ముందుకు, పైకి ఎట్లా కదులుతున్నదీ సంచులు తెలుపుతాయి. ఊయల ఊగుతున్నప్పుడు కలిగే హాయికి, ఘాట్ రోడ్డు మీద బస్సులో కలిగే వికారానికి కూడా ఈ అవయవంతో సంబంధం ఉంది.

రెండవది కండరాల, కీళ్ళ స్థితి జ్ఞానం. ఆంగ్ల శరీర శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ 1906లో దీనికి ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. కళ్ళు మూసుకొని కూడా అన్నం ముద్దను సరిగా నోటికే చేర్చగలుగుతున్నామంటే ఇందువల్లనే. ఈ జ్ఞానం మందంగా ఉన్న పిల్లలు పెన్సిలును గట్టిగా ఒత్తి ములుకు విరుస్తారు, తోటివారిని ఆప్యాయంగా తాకబోయి కొట్టినంత పని చేస్తారు, నడుస్తూ గుమ్మాలకు తగులుకొంటారు. చూచేవారికి ఇది దుడుకుతనంగా కనిపిస్తుంది.

మూడవది దేహాంతర్గత జ్ఞానం, అనగా ఆకలి, దప్పిక, మూత్ర విసర్జన అవసరం, గుండె దడ వంటివి తెలియడం. పక్క తడిపే అలవాటు మానని పిల్లలలోను, కడుపు నిండినా తినడం ఆపని పిల్లలలోను ఈ జ్ఞానం గురించి కూడా ఆలోచించవలసి ఉంటుంది.

ఈ సంకేతాలన్నీ మెదడులో ఒకదానితో ఒకటి కలిసినప్పుడే పని సాగుతుంది. నల్లబల్ల మీద ఉన్నదాన్ని చూచి పుస్తకంలోకి ఎక్కించే విద్యార్థి తలను పైకీ కిందికీ కదుపుతూ, వెన్ను నిలిపి కూర్చొని, పెన్సిలును తగినంత బలంతో పట్టి, పక్క తరగతి ధ్వనిని పట్టించుకోకుండా ఉండాలి. మనకు సులువుగా తోచే ఈ పని వెనుక ఇన్ని సర్దుబాట్లున్నాయి. వీటినే ఇంద్రియ సమన్వయం అంటారు.

ఇబ్బంది కనిపించే తీరు

అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు విన్నీ డన్ 1997లో ప్రతిపాదించిన వర్గీకరణ ఎక్కువగా వాడుకలో ఉంది. సంకేతం ఎంత బలంగా ఉంటే మెదడు గుర్తిస్తుంది, గుర్తించినప్పుడు ఆ వ్యక్తి ఏమి చేస్తాడు అనే రెండు ప్రశ్నలపై ఆధారపడి ఆమె నాలుగు తీరులను చెప్పింది.

కొందరికి సంకేతం చాలా బలంగా ఉంటేనే అందుతుంది. వారిలో ఒక రకం పిల్లలు పిలిచినా పలకక, ముక్కు కారుతున్నా తుడుచుకోక, మందకొడిగా ఉంటారు. బడిలో వీరిపై ఫిర్యాదులు రావు, అందువలన వీరిని ఎవరూ గమనించరు. రెండవ రకం పిల్లలు తమకు చాలని ఆ సంకేతాన్ని తామే వెదుక్కొంటారు. బెంచీల మీద నుండి దూకడం, గిరగిర తిరగడం, చొక్కా కాలరు నమలడం, ప్రతి వస్తువునూ తడిమి చూడడం వీరి లక్షణాలు. మరికొందరికి చిన్న సంకేతం కూడా పెద్దదిగా తోస్తుంది. అటువంటివారిలో కొందరు ఆ బాధను భరిస్తూ చిరాకుగా ఉంటే, మరికొందరు దాని నుండి పారిపోతారు. ప్రెషర్ కుక్కరు కూత, మిక్సీ మోత, గంజి పెట్టిన కొత్త యూనిఫారం, మెడ వెనుక చీటీ, మంగలి కత్తెర, పెరుగన్నం జిగురు, జాతరలో మైకు, దీపావళి టపాకాయలు వీరికి నిజమైన బాధను కలిగిస్తాయి.

ఒకే బిడ్డలో ఇవన్నీ కలిసి ఉండడం సామాన్యం. ధ్వనికి చెవులు మూసుకొనే పిల్లవాడే తాను పెద్దగా అరవవచ్చును. అలసట, ఆకలి, జ్వరం, కొత్త చోటు వీటిని బట్టి ఒకే బిడ్డ ఉదయం ఒక రీతిగా, సాయంత్రం మరొక రీతిగా ఉండవచ్చును. నిన్న తిన్న పదార్థాన్ని ఈరోజు తోసివేస్తే అది నటన అని నిర్ణయించడం తొందరపాటు.

అయితే ఇంద్రియ సమస్య అనుకొనే ముందు చూపు, వినికిడి పరీక్షలు చేయించాలి. చెవిలో గులిమి, చీము, పంటి నొప్పి, మలబద్ధకం, నట్టలు కూడా బిడ్డను చిరాకు పెట్టి ఇటువంటి లక్షణాలను చూపుతాయి. బలపాలు, మట్టి, సున్నం తినే పిల్లలకు రక్తహీనత ఉన్నదేమో చూడాలి. ఇనుము లోపం ఉన్న బిడ్డకు నమిలే గొట్టం ఇస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది.

చరిత్ర

ఈ సిద్ధాంతానికి మూలపురుషుడు కాదు, మూలస్త్రీ అని చెప్పవలసినది ఎ. జీన్ ఏర్స్ (1920 - 1988). కాలిఫోర్నియాలో జన్మించిన ఈమె ఆక్యుపేషనల్ థెరపిస్టు, విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త. తెలివితేటలలో లోటు లేకున్నా చదువులో, ఆటలో వెనుకబడుతున్న పిల్లలను ఆమె పరిశీలించింది. స్పర్శ, సమతాస్థితి, కండరాల జ్ఞానం అనే మూడూ సరిగా కుదరకపోవడం దీనికి ఒక కారణమని ప్రతిపాదించింది. 1972లో సెన్సరీ ఇంటిగ్రేషన్ అండ్ లెర్నింగ్ డిజార్డర్స్ అనే శాస్త్ర గ్రంథాన్ని, 1979లో తల్లిదండ్రుల కొరకు సెన్సరీ ఇంటిగ్రేషన్ అండ్ ద చైల్డ్ అనే పుస్తకాన్ని ప్రచురించింది. చికిత్స అంటే బిడ్డను కూర్చోబెట్టి చేయించే డ్రిల్లు కాదని, బిడ్డ తనంతట తాను కోరి, ఆడుతూ, కొంచెం కష్టమైన దానిని సాధించడమని ఆమె నొక్కి చెప్పింది. ఏర్స్ పేరు చెప్పి నడిచే చికిత్సలు అనేకం ఉన్నా, ఈ ఒక్క నియమాన్ని పాటించనివి కూడా వాటిలో ఉన్నవి.

భారతదేశంలో మొదటి ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను 1950లో ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ ప్రారంభించింది. ఈ శాస్త్రానికి తెలుగులో వృత్తి చికిత్స అనే అనువాదం ఉన్నది కాని, అది ఉద్యోగానికి సంబంధించినదనే అపోహను కలిగిస్తుంది. ఇక్కడ వృత్తి అనగా నిత్యకృత్యం. పిల్లల విషయంలో తినడం, స్నానం, బట్టలు తొడుక్కోవడం, ఆట, చదువు, నిద్ర అనేవే వారి వృత్తులు.

రోగమా, కాదా?

ఇంద్రియ ప్రక్రియా రుగ్మత అని దీనికి ఒక పేరు ప్రచారంలో ఉంది. కాని అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎమ్-5 గ్రంథం దీనిని ప్రత్యేక రోగంగా గుర్తించలేదు. ఇంద్రియ స్పందనలు మితిమీరి ఉండడాన్ని, లేదా మరీ తక్కువగా ఉండడాన్ని ఆటిజం లక్షణాలలో ఒకటిగా మాత్రం మొదటిసారిగా చేర్చింది. ఐదేళ్ళ లోపు పిల్లల కొరకు 2016లో వెలువడిన డీసీ 0-5 అనే వేరొక వర్గీకరణ దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. రోగమా కాదా అనే చర్చ వేరు, బిడ్డ పడే బాధ వేరు. పేరు లేనంత మాత్రాన బాధ లేదని అనరాదు, అట్లే పేరు పెట్టినంత మాత్రాన కారణం తెలిసినట్లు కాదు. ఇంద్రియ సమస్య అనే చీటీతో ఆగిపోయి, వెనుక ఉన్న ఆటిజంను గాని, ఆందోళనను గాని గుర్తించకపోతే విలువైన సంవత్సరాలు వృథా అవుతాయి.

కృత్యాలు

బరువు పనులు: కండరాలకు, కీళ్ళకు శ్రమ కలిగించే నెట్టడం, లాగడం, మోయడం, ఎక్కడం, పిసకడం వంటివి ఈ కోవలోనివి. చికిత్సకులు మొదట సూచించేవి సాధారణంగా ఇవే. వీటివలన నెమ్మదిగా ఉండే బిడ్డ కొంత చురుకుగాను, అదుపు తప్పిన బిడ్డ కొంత నెమ్మదిగాను మారడం చాలామంది చికిత్సకుల అనుభవం. వీటికి ఏ పరికరమూ కొననక్కరలేదు. సగం నింపిన బకెట్టు మోయడం, చపాతీ పిండి పిసకడం, తడి బట్టలు పిండడం, మొక్కలకు నీరు పోయడం, తాడు గుంజే ఆట, గోడను రెండు చేతులతో నెట్టడం, చేతుల మీద నడిచే చక్రబండి ఆట చాలును. బడిలో నోటు పుస్తకాల కట్టను పక్క గదికి చేర్చడం, నల్లబల్ల తుడవడం, కుర్చీలు సర్దడం వంటి పనులను కదలకుండా కూర్చోలేని పిల్లలకు అప్పగిస్తే వారికి శ్రమ దొరుకుతుంది, గౌరవం కూడా దక్కుతుంది. ఇది శిక్షగా కనిపించకూడదు, బరువు బిడ్డ శక్తికి మించకూడదు.

ఊగడం, తిరగడం: ముందుకు వెనుకకు ఒకే లయలో మెల్లగా ఊగడం సాధారణంగా శాంతపరుస్తుంది. వేగంగా తిరగడం, హఠాత్తుగా ఆగడం ఉద్రేకపరుస్తుంది. ఒప్పులకుప్ప, కోతికొమ్మచ్చి, తొక్కుడుబిళ్ళ వంటి తెలుగువారి ఆటలలో సమతాస్థితికి మంచి అభ్యాసం కలదు. చెమ్మచెక్కలో చేతుల లయ, ఎదుటివారితో సర్దుబాటు రెండూ ఉన్నవి. మన ఆటలన్నీ చికిత్సలే అని చెప్పుకోవడం అతిశయోక్తి అవుతుంది. కాని గదిలో వేలాడే ఊయల కొనలేని కుటుంబానికి ఈ ఆటలు అందుబాటులో ఉన్నాయి.

ఇక్కడ జాగ్రత్తలు ముఖ్యం. తిరిగే ఆటను బిడ్డ తానే మొదలుపెట్టి తానే ఆపగలగాలి, పెద్దలు పట్టుకొని తిప్పరాదు. ముఖం పాలిపోవడం, చెమట, వికారం, ఆపుకోలేని నవ్వు కనిపిస్తే వెంటనే ఆపాలి. కొందరిలో ఈ ప్రభావం ఆట ముగిసిన కొంతసేపటికి గాని కనిపించదు. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలకు వైద్యుని అనుమతి లేకుండా చేయించరాదు. చీరతో కట్టిన ఊయల మెడకు చుట్టుకొని పిల్లలు మరణించిన సంఘటనలు మన దేశ వైద్య పత్రికలలో నమోదై ఉన్నవి. కనుక దానిలో బిడ్డను ఒంటరిగా విడువరాదు.

స్పర్శ: ఇసుక, బియ్యం, రాగులు, బంకమట్టి, నీరు, ముగ్గు పిండి, తడిపిన శనగపిండి వీటితో ఆడించడం. పళ్ళెంలో బియ్యం పోసి దానిలో వేలితో అక్షరాలు దిద్దించడం మన అక్షరాభ్యాసానికి కొత్త కాదు. బియ్యంలో దాచిన గవ్వలను చూడకుండా తడిమి తీయడం, సంచిలోని వస్తువును స్పర్శతో గుర్తించడం, వినాయక చవితికి మట్టి ప్రతిమ చేయడం మంచి కృత్యాలు. స్పర్శ అంటే భయపడే బిడ్డ చేతిని పట్టి బలవంతంగా మట్టిలో ముంచితే ఆ భయం రెట్టింపు అవుతుంది. మొదట చూడనివ్వాలి, తరువాత గరిటెతో కలపనివ్వాలి, ఆ తరువాత ఒక వేలితో తాకనివ్వాలి. ప్రతి మెట్టు వద్ద తువ్వాలు దగ్గర ఉంచి, చేయి తుడుచుకొనే స్వేచ్ఛ ఇవ్వాలి. ఇది కొందరిలో వారాలు పట్టవచ్చును.

ఇటువంటివారికి లేత స్పర్శ చికాకు కలిగిస్తుంది, గట్టి ఒత్తిడి నచ్చుతుంది. తలపై మెల్లగా నిమిరితే తప్పించుకొనే బిడ్డ, భుజాలను అరచేతులతో నిలకడగా ఒత్తితే ఊరుకొంటుంది. తాకబోయే ముందు ఎదురుగా వచ్చి చెప్పడం మంచిది. నూనె మర్దన కూడా బిడ్డ కోరితేనే చేయాలి. చింతగింజలు, పూసలు, గోళీలు చిన్నపిల్లల ముక్కులోకి, గొంతులోకి పోయే ప్రమాదం ఉంది. వస్తువులను నోటిలో పెట్టుకొనే పిల్లలకు వయసు ఎంత ఉన్నా వీటిని ఇవ్వరాదు.

నోరు: కాలరు, పెన్సిలు నమిలే పిల్లలకు వయసును బట్టి కారెట్టు, జంతికలు, చపాతీ వంటి నమలవలసిన పదార్థాలను భోజనంలో చేర్చవచ్చును. గొట్టంతో చిక్కని లస్సీ పీల్చడం, సబ్బు బుడగలు ఊదడం, పిల్లనగ్రోవి ఊదడం కూడా ఈ కోవలోనివే. నాలుగైదు పదార్థాలు తప్ప మరేమీ తినని బిడ్డ విషయంలో మాత్రం ఇంటి ప్రయత్నాలతో ఆగక, బరువును, పోషణను వైద్యునికి చూపించాలి.

ధ్వని, వెలుతురు: ఇక్కడ కృత్యం కంటే ఏర్పాటు ముఖ్యం. గంట మోగబోతున్నదని ముందుగా చెప్పడం, మిక్సీ మీటను బిడ్డ చేతనే నొక్కించడం, మిణుకుమిణుకుమనే ట్యూబు లైటు మార్చడం, బొమ్మలు లేని గోడ వైపు కూర్చోబెట్టడం వంటివి ఖర్చు లేనివి. రాబోయే ధ్వని తన అధీనంలో ఉన్నప్పుడు దాని భయం తగ్గుతుంది.

ఇంద్రియ ఆహారం: రోజులో ఏ వేళకు ఏ కృత్యం అనే ప్రణాళికను సెన్సరీ డైట్ అంటారు. 1980 దశకంలో ఈ పేరును వాడుకలోకి తెచ్చినది పెట్రీషియా విల్‌బార్గర్ అనే థెరపిస్టు. పేరు చూచి ఇది పథ్యం అనుకోరాదు. తిండితో దీనికి సంబంధం లేదు. బడికి పోయే ముందు పది నిమిషాలు బరువు పని, హోంవర్కుకు ముందు ఊగడం, నిద్రకు ముందు మసక వెలుతురు, గట్టి ఒత్తిడి అనే విధంగా ఇది ఉంటుంది. బిడ్డ అదుపు తప్పిన తరువాత కాక, తప్పక ముందే ఇవ్వడం దీనిలోని కీలకం. అల్లరి చేసినప్పుడల్లా ఊయల ఎక్కిస్తే, ఊయల కొరకే అల్లరి చేయడం నేర్చుకొనే అవకాశం కూడా ఉంది.

సాధనాలు

ఒత్తిడి సాధనాలలో ప్రసిద్ధమైనది టెంపుల్ గ్రాండిన్ తయారుచేసుకొన్న ఆలింగన యంత్రం. ఆటిజం ఉన్న ఈ అమెరికన్ పశు శాస్త్రవేత్త, యవ్వనంలో అరిజోనాలోని బంధువుల పశుక్షేత్రంలో టీకాల కొరకు పశువులను రెండు పలకల మధ్య నిలిపినప్పుడు అవి శాంతించడం గమనించి, తన కొరకు అటువంటి పెట్టెను కట్టుకొంది. మనుషుల కౌగిలిని భరించలేని ఆమెకు ఈ యంత్రపు ఒత్తిడి హాయినిచ్చింది. ఒత్తిడి ఎంత ఉండాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే మీట ఆమె చేతిలోనే ఉండేది. సాధనాలు కొనేవారు ఈ సంగతిని ముఖ్యంగా గమనించాలి.

బరువు దుప్పటి, బరువు చొక్కా దాదాపు ఇదే ఆలోచనతో వచ్చినవి. బరువు దేహం బరువులో పదవ వంతు ఉండాలనే లెక్క ప్రచారంలో ఉన్నా, అది వాడుకలో ఏర్పడినదే తప్ప పరిశోధనతో తేలినది కాదు. శిశువులకు, దుప్పటిని తామే తొలగించుకోలేని పిల్లలకు, ఊపిరితిత్తుల, గుండె జబ్బులు ఉన్నవారికి ఇవి ప్రమాదకరం. 2008లో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ళ బాలుడు బడిలో బరువు దుప్పటిలో చుట్టబడి మరణించాడు. ముఖం ఎన్నడూ కప్పరాదు, దుప్పటిని చుట్టి కదలకుండా చేయరాదు, శిక్షగా వాడరాదు.

చెవి కప్పులు పెళ్ళి ఊరేగింపు, బస్ స్టాండు, టపాకాయల వేళ ఎంతో మేలు చేస్తాయి. రోజంతా తొడిగి ఉంచితే మామూలు ధ్వనులను కూడా భరించలేని స్థితి రావచ్చునని నిపుణులు హెచ్చరిస్తారు. చేతిలో తిప్పుకొనే బొమ్మలలో ఫిడ్జెట్ స్పిన్నర్ 2017లో ప్రపంచమంతటా విపరీతంగా అమ్ముడయింది. కంటిని ఆకర్షించే వస్తువు పాఠం నుండి దృష్టిని మళ్ళిస్తుంది కనుక, చూడకుండా వేళ్ళతో పిసుక్కోదగిన మెత్తని ముద్ద తరగతికి మేలు. నమిలే గొట్టాన్ని మెడలో వేసే తాడు, లాగితే ఊడిపోయే రకమై ఉండాలి.

పెద్ద సంస్థలలో కనిపించే రంగు దీపాల, నీటి బుడగల స్తంభాల గదికి స్నూజెలెన్ అని పేరు. 1970 దశకంలో నెదర్లాండ్స్‌లో యాన్ హుల్సెగె, ఆడ్ వెర్‌హ్యూల్ అనే ఇద్దరు, తీవ్రమైన మానసిక వైకల్యం ఉన్న పెద్దల విశ్రాంతి కొరకు దీనిని ఏర్పరచారు. వాసన చూడడం, కునుకు తీయడం అనే అర్థం గల రెండు డచ్ మాటలను కలిపి ఆ పేరు పెట్టారు. ఇది ఏర్స్ పద్ధతి కాదు. ఈ గదిలో బిడ్డ కూర్చుంటే ఇంద్రియ సమన్వయ చికిత్స జరిగినట్లు భావించరాదు.

ఖరీదైన సాధనాలకు బదులు ఇంటి వస్తువులు చాలావరకు పనికివస్తాయి. పాత సైకిలు ట్యూబును కుర్చీ ముందు కాళ్ళకు అడ్డంగా కడితే, కూర్చున్న బిడ్డ పాదాలతో దానిని నెడుతూ ఉండవచ్చును. అదే ట్యూబు ముక్కను పెన్సిలుకు తొడిగితే పట్టు లావవుతుంది. కొబ్బరి పీచు పట్టా పాదాల స్పర్శకు, బాలీసు దొర్లడానికి, మంచం కింద దుప్పటి వేలాడదీసి చేసిన చిన్న గుడారం విశ్రాంతికి ఉపయోగపడతాయి. ఆ గుడారం బిడ్డ తలదాచుకొనే చోటు. తప్పు చేసినప్పుడు పంపే చోటుగా దానిని మార్చరాదు.

ఫలితాలపై పరిశోధనలు

ఈ విషయంలో నిజాయితీగా చెప్పవలసినది, ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయని. అమెరికా బాలవైద్యుల అకాడమీ 2012లో, ఇంద్రియ ప్రక్రియా రుగ్మతను సాధారణంగా ప్రత్యేక రోగనిర్ధారణగా వాడరాదని తన వైద్యులకు సూచించింది. సమగ్ర చికిత్సలో ఒక భాగంగా ఈ కృత్యాలను చేయించవచ్చునని, పరిశోధన పరిమితమని తల్లిదండ్రులకు తెలియజేయాలని కూడా పేర్కొంది.

2014లో రోసాన్ షాఫ్ బృందం ఆటిజం ఉన్న 32 మంది పిల్లలపై చేసిన అధ్యయనంలో, ఏర్స్ పద్ధతిలో 30 సార్లు చికిత్స పొందినవారు తమ కుటుంబాలు ఎంచుకొన్న లక్ష్యాలను ఇతరుల కంటే బాగా సాధించారు. 2022లో బ్రిటన్‌లో ప్రచురితమైన, 138 మంది పిల్లలు పాల్గొన్న అధ్యయనంలో మామూలు సేవలతో పోలిస్తే చిరాకు, ప్రవర్తన విషయంలో ఈ చికిత్స అదనపు మేలు చేసినట్లు తేలలేదు. రెండు అధ్యయనాలు కొలిచినవి వేరువేరు. మొదటిది ఒక్కొక్క బిడ్డకు నిర్ణయించిన నిత్యకృత్యాన్ని, రెండవది మొత్తం మీద చిరాకును ప్రధానంగా చూసింది. కనుక ఈ చికిత్స కోపాన్ని తగ్గిస్తుందని, ఆటిజంను నయం చేస్తుందని చెప్పేవారి మాటలకు ఆధారం లేదు.

బరువు దుప్పట్లపై 2014లో బ్రిటన్‌లో 67 మంది పిల్లలతో జరిగిన పరీక్ష ఆసక్తికరమైనది. మామూలు దుప్పటి కంటే నిద్ర సమయం పెరగలేదు, కాని పిల్లలు, తల్లిదండ్రులు బరువు దుప్పటినే ఇష్టపడ్డారు. చర్మాన్ని మెత్తని బ్రష్షుతో నిర్ణీత వేళలలో రుద్దే పద్ధతికి ఆధారం ఇంకా బలహీనం.

దీనిని బట్టి కుటుంబం అనుసరించదగిన మార్గం ఒకటి ఉంది. చికిత్స మొదలుపెట్టే ముందే కొలవదగిన ఒక చిన్న లక్ష్యాన్ని వ్రాసుకోవాలి. ఉదాహరణకు, ఏడవకుండా తల దువ్వించుకొనడం, లేదా ప్రార్థన సమావేశంలో ఐదు నిమిషాలు నిలబడడం. రెండు మూడు నెలల గడువు పెట్టుకొని, రోజువారీ గుర్తులు వేసుకొని, మార్పు లేకపోతే పద్ధతిని మార్చాలి. ఏ లక్ష్యమూ చెప్పకుండా ఏడాది పొడవునా రుసుము తీసుకొనే కేంద్రాన్ని ప్రశ్నించే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

తెలుగు రాష్ట్రాలలో సేవలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నవి. ఇంద్రియ ప్రక్రియా ఇబ్బంది మాత్రం విడిగా లేదు. కాబట్టి ఆటిజం వంటి గుర్తింపు పొందిన వైకల్యం ఉన్నదేమో నిర్ధారించుకోవడం వలన ధృవపత్రం, పరీక్షలలో మినహాయింపులు వంటి సదుపాయాలు అందే మార్గం ఏర్పడుతుంది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీ, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను పరీక్షించే వైద్య బృందాలు అవసరమైనవారిని అక్కడికి పంపుతాయి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు రెండు రాష్ట్రాలలో సమగ్ర శిక్షా పథకం కింద భవిత కేంద్రాలు ఉన్నవి. మేధో వైకల్యం ఉన్నవారి కొరకు 1984లో సికింద్రాబాదులో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, నేడు ఎన్ఐఈపీఐడీ అనే పేరుతో, పరీక్షలు, చికిత్స, ఉపాధ్యాయ శిక్షణ నిర్వహిస్తున్నది.

ప్రైవేటు కేంద్రాలకు వెళ్ళేవారు చికిత్సకుని అర్హతను అడిగి తెలుసుకోవాలి. ఆక్యుపేషనల్ థెరపీ నాలుగేళ్ళకు పైబడిన డిగ్రీ చదువు. కొద్ది రోజుల ధృవపత్ర శిక్షణ దానికి సమానం కాదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన పరిధిలోకి తెచ్చి, చికిత్సకుల పేర్ల నమోదుకు ఏర్పాటు చేసింది. చికిత్స జరిగే గదిలోకి తల్లిదండ్రులను రానివ్వని చోట బిడ్డను చేర్చకపోవడమే మంచిది. ఇంటి వద్ద ఏమి చేయించాలో తల్లికి, తండ్రికి, అవసరమైతే అమ్మమ్మకు, నాయనమ్మకు చూపించడం కూడా ఆ చికిత్సలో భాగమే.